ఇంటి గదిలో యోగాసనాల ఫోటోలు

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

ఫోటో అనగానే మనవాళ్ళు బిగుసుకుపోతారు. పెళ్ళిలోనైనా సరే, పాసుపోర్టుకైనా సరే, "రెడీ" అన్న మాట చెవిన పడీపడగానే అందరూ చేసే మొదటి పని ఊపిరి బిగబట్టడం. యోగాభ్యాసంలో మొదటి రోజు చెప్పే మొదటి పాఠం దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఆసనంలో ఉన్నప్పుడు ఊపిరి బిగబట్టవద్దంటారు. కనుక యోగం చేసేవారికి ఫోటో తీయడమంటే రెండు విరుద్ధమైన అలవాట్లను ఒకే గదిలో కూర్చోబెట్టడమన్నమాట. ఈ సంగతి నాకు పుస్తకం చదివితే తెలియలేదు. మా తమ్ముడి మెడ పట్టేసిన తరువాత తెలిసింది. ఆ కథ ముందు చెప్పి, ఆనక అసలు విషయానికి వస్తాను.

నాగలి కర్రు నేలకి ఆనిందా?

ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరు 11న చేసిన తీర్మానం ప్రకారం 2015 నుంచి ఏటా జూన్ 21న అంతర్జాతీయ యోగా దినం జరుగుతున్నది. ఆ సందర్భానికి మన వ్యాయామశాల గోడకు పన్నెండు ఆసనాల చార్టు ఒకటి కావాలనుకున్నాం. బజారులో కొన్న బొమ్మలు కాకుండా మన విద్యార్థుల ఫోటోలే పెడితే బాగుంటుందని మిత్రులకు తోచింది. కెమెరా పట్టుకోవడం కాస్త తెలుసు గనుక ఆ పని నా నెత్తిన పడింది.

స్టూడియోకి అద్దె కట్టే స్తోమత లేదు. మా ఊళ్ళో మా ఇంటి ముందుగది మాత్రం ఉంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా దాని నిండా మిరప బస్తాలే. సరుకు గుంటూరు యార్డుకు వెళ్ళిపోయాక మే నెలలో గది ఖాళీ అవుతుంది. పద్దెనిమిదడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు. ఉత్తరపు గోడకు పెద్ద కిటికీ. తూర్పు కొసన గుమ్మం, గుమ్మం బయట వసారా. ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాను. రెండుసార్లు కడిగాం. అయినా మొదటి రోజు కపాలభాతి మొదలుపెట్టారో లేదో, అందరికీ తుమ్ములే తుమ్ములు! మిరప ఘాటు గోడల్లోంచి పోలేదు. సున్నం వేయిస్తే గాని ఆ గది ఊపిరి పీల్చే పనికి పనికిరాలేదు.

ఇక హలాసనం. వెల్లకిలా పడుకుని, కాళ్ళు రెండూ పైకెత్తి, తల మీదుగా వెనక్కి తీసుకుపోయి కాలివేళ్ళు నేలకి ఆనించాలి. ఆకారం నాగలిలా ఉంటుంది గనుక ఆ పేరు. మా పెద్దమ్మ కొడుకు, నాకు వరసకు తమ్ముడు, ఈ ఆసనం చక్కగా వేస్తాడు. మొదటిసారి వేసినప్పుడు వెనక తెర ముడత పడింది. రెండోసారి వెలుతురు చాలలేదు. మూడోసారి ఫోకసు గోడ మీద పడింది. "ఇంకొక్కటి రా, ఇంకొక్కటి" అంటూ ఆరుసార్లు వేయించాను. ఆరోసారి కాళ్ళు దించుతూనే వాడు మెడ పట్టుకున్నాడు. మూడు రోజులు మెడ తిప్పలేకపోయాడు. "నీ బొమ్మ కోసం పిల్లాడి మెడ విరగ్గొడతావుట్రా?" అని పెద్దమ్మ నిలదీస్తే నా దగ్గర జవాబు లేదు.

పోనీ, ఫోటో అయినా బాగా వచ్చిందా? మా నాన్నగారికి చూపించాను. ఆయన కాసేపు చూసి, "నాగలి అంటున్నావు, బాగానే ఉంది. మరి కర్రు నేలకి ఆనిందో లేదో ఏదీ కనపడదేం?" అన్నారు. నిజమే! నేను నిలబడి పైనుంచి తీశాను. కాలివేళ్ళు నేలను తాకాయో, జానెడు ఎత్తున గాలిలో ఉన్నాయో ఆ బొమ్మలో తెలియదు. దాన్ని చూసి నేర్చుకునేవాడికి తెలియవలసిన ముఖ్యమైన సంగతే అందులో లేదు. ఆరుసార్లు ఒక మనిషిని బాధపెట్టి నేను సంపాదించింది ఒక పనికిమాలిన ఫోటో.

మా ఊళ్ళో యోగా నేర్పే రిటైర్డు లెక్కల మాస్టారు సంగతంతా విని కోప్పడలేదు. "ఆసనానికి పతంజలి చెప్పిన లక్షణాలు రెండు. ఒకటి స్థిరత్వం, రెండోది సుఖం. నీ కెమెరాకి మొదటిది చాలు. వాడికి రెండూ కావాలి. ఆ తేడా గుర్తుపెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టవోయ్" అన్నారు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినదల్లా ఆ మాటకు వ్యాఖ్యానమే.

రాతికి మెడ నొప్పి రాదు

ఆసనాలను బొమ్మకట్టడం కొత్త సంగతేమీ కాదు. హంపీలోని ఆలయ స్తంభాల మీద 16వ శతాబ్దపు యోగుల శిల్పాలున్నాయి. పద్మాసనం వంటి కూర్చునే భంగిమలే కాదు, ఒళ్ళు విల్లులా వంచినవీ, తలకిందులైనవీ కూడా అందులో కనిపిస్తాయి. మైసూరు మహారాజు ముమ్మడి కృష్ణరాజ ఒడయారు 19వ శతాబ్దంలో కూర్పించిన 'శ్రీతత్త్వనిధి'లో 122 ఆసనాల రంగుబొమ్మలున్నాయి. తరువాత కెమెరా వచ్చింది. మైసూరులో యోగశాల నడిపిన తిరుమలై కృష్ణమాచార్యులవారు కన్నడంలో రాసిన 'యోగ మకరంద' 1934లో ఫోటోలతో వెలువడింది. 1938లో ఆయనమీద, ఆయన శిష్యుడు బి.కె.ఎస్. అయ్యంగారుమీద తీసిన మూకీ చిత్రం ఈనాటికీ ఉంది. అదే అయ్యంగారు 1966లో ఇంగ్లీషులో ప్రచురించిన 'లైట్ ఆన్ యోగా'లో సుమారు 600 ఫోటోలున్నాయి. అన్నీ ఆయనవే. గురువు దగ్గరలేని ఊళ్ళలో ఎందరో ఆ ఫోటోలు ఎదురుగా పెట్టుకుని నేర్చుకున్నారు.

శిల్పి రాతిని నెల రోజులు చెక్కవచ్చు. రాతికి మెడ నొప్పి రాదు. చిత్రకారుడు ఒకసారి చూసి మిగతాది జ్ఞాపకంలోంచి గీయవచ్చు. ఫోటో విషయంలో మాత్రం మనిషి ఆ క్షణంలో ఆసనంలో ఉండి తీరాలి. ఫిల్ము రోజుల్లో ఒక రీలుకు 36 ఫోటోలే వచ్చేవి. ప్రతి నొక్కుకూ ఖర్చుండేది. అందువల్ల ఫోటోగ్రాఫరు ముందు అన్నీ సరిచూసుకుని, ఆ తరువాతే మనిషిని పిలిచేవాడు. ఇప్పుడు డిజిటల్ కెమెరాలోనూ, ఫోనులోనూ నొక్కుకు ఖర్చు లేదు. నూరు తీసి ఒకటి ఉంచుకోవచ్చు. కాని ఖర్చు లేకుండా పోలేదు. మన జేబులోంచి ఎదుటివాడి మెడ మీదికి మారిందంతే. కాబట్టి మనిషి లేకుండా చేయగలిగిన పనంతా మనిషి రాకముందే ముగించాలి. ఆ పని ఏమిటో వరసగా చెబుతాను.

వెలుతురు

యోగం పరగడుపున, తెల్లవారుజామున చేసేది. ఫోటో కోసం మధ్యాహ్నం భోజనమయ్యాక చేయమనడం తప్పు. కనుక ఉదయం ఆరున్నర, ఏడు గంటల వెలుతురుతోనే మన పని.

ఉత్తరపు కిటికీలోంచి ఎండ నేరుగా పడదనీ, అది స్టూడియోకి శ్రేష్ఠమనీ యూరపులో రాసిన పుస్తకాలు చెబుతాయి. అది వాళ్ళ అక్షాంశానికి సరిపోయే మాట. గుంటూరు ప్రాంతం 16 డిగ్రీల పైచిల్లర ఉత్తర అక్షాంశంలో ఉంది. మార్చి 21 తరువాత సెప్టెంబరు దాకా సూర్యుడు తూర్పుకు కాస్త ఉత్తరంగా ఉదయిస్తాడు. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం కూడా మన నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. అంచేత వేసవిలో మన ఉత్తరపు కిటికీలోంచి పొద్దున్నే ఏటవాలు ఎండ వచ్చి మనిషి మీద కిటికీ చువ్వల నీడలు వేస్తుంది. దీనికి విరుగుడు మా తాతగారి పాత పంచె. కిటికీకి అడ్డంగా కడితే ఎండ చెదిరి, కిటికీ అంతా ఒక పెద్ద దీపమవుతుంది. నీడల అంచులు మెత్తబడతాయి.

రెండో చిక్కు దూరానిది. వెలుతురు దూరం యొక్క వర్గానికి విలోమంగా తగ్గుతుందని ఇంటర్మీడియట్‌లోనే చదివాం. బల్బుకు ఒక మీటరు దూరంలో ఉన్నదానిపై పడే వెలుతురులో నాలుగో వంతే రెండు మీటర్ల దూరంలో పడుతుంది. కిటికీ వెడల్పైన దీపం గనుక లెక్క అంత కచ్చితంగా ఉండదు గాని, పోకడ అదే. 160 సెంటీమీటర్ల మనిషి కిటికీ వైపు తలపెట్టి శవాసనంలో పడుకున్నాడనుకోండి. తల కిటికీకి ఒక మీటరు దూరంలో ఉంటే పాదాలు 2.6 మీటర్ల దూరంలో ఉంటాయి. ఆ లెక్కన పాదాల మీద పడేది తలమీది వెలుతురులో ఏడో వంతు. చాపను మరో 80 సెంటీమీటర్లు వెనక్కి జరిపితే 1.8, 3.4 మీటర్లవుతాయి. ఇప్పుడు తేడా మూడున్నర రెట్లే. మొత్తం వెలుతురు తగ్గింది, కాని సమంగా పడింది. మిగిలిన లోటు తీర్చడానికి పాదాల వైపు తెల్లని థర్మోకోలు అట్ట నిలబెడితే చాలు. కిటికీ వెలుతురు దాని మీద పడి తిరిగి వస్తుంది.

రాత్రిపూట ఎల్.ఇ.డి. బల్బుల కింద ప్రయత్నించి ఒకసారి భంగపడ్డాను. ఫోటోల నిండా అడ్డంగా నల్లని చారలు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది. చవక బల్బు దానితోబాటు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. షట్టరు అంతకన్నా త్వరగా మూసుకుంటే ఆ హెచ్చుతగ్గు చారలుగా పట్టుబడుతుంది. తప్పనిసరైతే సెకనులో 50వ వంతు గాని 100వ వంతు గాని వాడాలి. పగటి వెలుతురునూ బల్బునూ మాత్రం కలపవద్దు. పగటి వెలుతురు రంగు సుమారు 5500 కెల్విన్లు, పసుపు బల్బుది సుమారు 2800. రెండూ కలిస్తే మనిషి ఒక చెంప నీలం, ఒక చెంప పసుపు అవుతుంది.

తెర, గోడ

మన పల్లెల్లో సున్నంలో నీలి కలిపి గోడలకు వేస్తారు. కంటికి బాగుంటుంది గాని, ఆ గోడమీద నుంచి తిరిగివచ్చే వెలుతురు మనిషి ముఖాన్ని పాలిపోయినట్టు చేస్తుంది. తెల్ల దుప్పటి కడితే ఇంకో తంటా. కెమెరాలోని మీటరు తన ఎదురుగా ఉన్నది మధ్యరకం బూడిదరంగు అనుకుని లెక్క కడుతుంది. తెల్లని తెర చూసి వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గిస్తుంది. అసలే చామనఛాయ మనుషులం, ఇంకా నల్లగా మసిబొమ్మల్లా వస్తాం. వెలుతురు లెక్క ముఖానికి కట్టాలి గాని తెరకు కాదు.

నాలుగు గోనెసంచుల కుట్లు విప్పి, రెండుసార్లు ఉతికి, ఆరబెట్టి, ఒకటిగా కుట్టి కట్టాను. గోనె మెరవదు, రంగు మధ్యస్థంగా ఉంటుంది, ముడత పడదు. ఖర్చు దారపుండ మాత్రమే.

దూరం, ఎత్తు, నిలువు

ఫోనును దగ్గరగా పెట్టినా మనిషంతా పడతాడు గనుక చాలామంది దగ్గర నుంచే తీస్తారు. అక్కడే ఆకారం చెడుతుంది. శవాసనంలో ఉన్న మనిషి పాదాలకు ఒక మీటరు దూరంలో కెమెరా ఉంటే తల 2.6 మీటర్ల దూరంలో ఉంటుంది. పాదాలు ఉండవలసినదానికంటే రెండున్నర రెట్లు పెద్దవిగా కనబడతాయి. నాలుగు మీటర్లు వెనక్కి పోతే ఈ తేడా 1.4 రెట్లకు పడిపోతుంది. ఇది లెన్సు దోషం కాదు, దూరం దోషం. అందుకని కెమెరాను గదిలో పెట్టడం మానేసి, వసారాలో స్టాండు వేసి గుమ్మంలోంచి తీశాను. వంగే ఆసనాలన్నీ పక్కనుంచే తీయాలి. వెన్ను ఎక్కడ వంగిందో, కర్రు నేలకి ఆనిందో లేదో తెలిసేది అక్కడినుంచే.

ఎత్తు సంగతి. నిలబడి చేసే ఆసనాలకు కెమెరా నడుము ఎత్తున, పడుకుని చేసేవాటికి పీట ఎత్తున ఉండాలి. కంటి ఎత్తు నుంచి కిందికి వంచి తీస్తే కాళ్ళు పొట్టివవుతాయి.

నిలువు చూసుకోవడానికి తాపీమేస్త్రీ గుండుదారం ఒకటి అరువు తెచ్చి తెర ముందు వేలాడగట్టాను. గుండుదారం అబద్ధమాడదు. కెమెరా వంకరగా ఉంటే వెంటనే తెలుస్తుంది. పైగా తాడాసనంలో పక్కకు తిరిగి నిలబడినవారి చెవి, భుజం, తుంటి, మోకాలు, చీలమండ దాదాపు ఆ దారం వెంబడే వస్తున్నాయో లేదో వాళ్ళకే చూపించవచ్చు. మా బృందంలో ఇద్దరు తాము తిన్నగా నిలబడటం లేదని మొదటిసారి ఆ ఫోటోలోనే చూసుకున్నారు. ఫోటో వల్ల అభ్యాసికి నిజమైన లాభం ఇదే.

కంత, వేగం

ఎపర్చరు అంటే లెన్సులో వెలుతురు చొరబడే కంత. దాని అంకె పెరిగినకొద్దీ కంత చిన్నదవుతుంది. ఎఫ్ 2.8 దగ్గర ముక్కు స్పష్టంగా ఉండి మోకాలు మసకబారవచ్చు. ఎఫ్ 8 దగ్గర ఒళ్ళంతా స్పష్టం. కాని 2.8 నుంచి 8కి వెళితే వెలుతురు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. ఆ నష్టాన్ని ఐ.ఎస్.ఓ. 200 నుంచి 1600కి పెంచి పూడ్చుకోవచ్చు. ఫోటోలో కాస్త ఇసుక చల్లినట్టుంటే ఉండనీండి. మోకాలు కనబడకపోవడం కంటే నయం.

కదలని ఆసనానికి సెకనులో 125వ వంతు చాలు. సూర్యనమస్కారాల్లో ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారేటప్పుడు చాలదు. చెయ్యి సెకనుకు ఒక మీటరు వేగంతో కదులుతోందనుకుంటే, 60వ వంతు సెకనులో దాదాపు 17 మిల్లీమీటర్లు జరిగిపోతుంది. 500వ వంతులో రెండు మిల్లీమీటర్లే.

మనిషి బదులు బస్తా

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. పైన చెప్పినదంతా సరిచూసుకోవడానికి మనిషి అక్కర్లేదు. చాప మీద ఒక వడ్ల బస్తా పడుకోబెట్టి, తల ఉండవలసిన చోట బిందె బోర్లించి ఫోకసు, వెలుతురు అన్నీ సరిచేశాను. బస్తా ఎంతసేపైనా ఓపిక పడుతుంది. అంతా కుదిరాక ఫోకసు కదలకుండా బిగించి, బస్తా తీసేసి మనిషిని పిలవాలి.

ఆసనం వేయమని చెప్పేది ఫోటోగ్రాఫరు కాదు, మాస్టారు. ముందు ఒళ్ళు సడలించే అభ్యాసాలు అయ్యాక ఆసనం వేస్తారు. అందులో రెండు మూడు శ్వాసలు గడిచాక, ఊపిరి పూర్తిగా వదిలిన చివర ఒక చిన్న విరామం వస్తుంది. ఆ క్షణంలో ఒళ్ళు ఎక్కువ నిలకడగా ఉంటుంది. మనం నొక్కవలసింది అప్పుడు. చేసేవారి ఊపిరితో మన ఊపిరి కలిపి పీల్చి వదిలితే ఆ క్షణం దానంతటదే తెలుస్తుంది. రెండు నొక్కులు, అంతే. కుదిరిందా, మంచిది. లేదంటే ఆ ఆసనం ఆ రోజుకు ముగిసినట్టే. హలాసనం, సర్వాంగాసనం, శీర్షాసనం వంటివి ఒకరి చేత రోజుకు ఒక్కసారే. మాస్టారు పెట్టిన ఈ నియమం మొదట్లో కష్టమనిపించింది. తరువాత చూస్తే ఫోటోలు బాగుపడింది దీనివల్లే. ముఖం చూడండి, తెలుస్తుంది. నుదురు ముడిపడి, దవడ బిగిస్తే ఆసనం ఎంత తిన్నగా ఉన్నా అందులో సుఖం లేనట్టే. స్థిరత్వాన్ని గుండుదారం చూపిస్తుంది. సుఖాన్ని ముఖమొక్కటే చూపిస్తుంది.

ఎవరి బొమ్మ వారిది

రాజా దీన్ దయాళ్ హైదరాబాదులో 1892లో స్త్రీల కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక మహిళ చేతికి అప్పగించాడు. గోషా పాటించే ఇళ్ళ స్త్రీలు నిశ్చింతగా ఫోటో తీయించుకోవాలన్నది ఉద్దేశం. కాలం మారినా ఆ నిశ్చింత అవసరం మారలేదు. ఆసనంలో ఉన్న మనిషి చీర కొంగు సర్దుకోలేదు, మొహం తిప్పుకోలేదు. అందుకని మా గదిలో మూడు నియమాలు పెట్టుకున్నాం. అమ్మాయిలు వచ్చినప్పుడు వారి ఇంటివారో స్నేహితురాలో గదిలో ఉంటారు. తీసిన ప్రతి ఫోటో అప్పటికప్పుడు వారికి చూపిస్తాం. వద్దన్నది వారి ఎదుటే చెరిపేస్తాం. చార్టుకు ఒప్పుకున్న ఫోటో చార్టుకే, ఫోనుల్లో పంచడానికి కాదు. మా తరగతి అమ్మాయి ఒకరు తన మూడు ఫోటోలలో రెండు చెరిపించారు. ఆ రెండూ నాకు నచ్చినవే. అయినా ఆవిడ బొమ్మ ఆవిడదే కదా!

చివరగా ఒక మాట. ఫోటో ఆసనం చివరి స్థితినే చూపిస్తుంది. అక్కడికి ఎలా వెళ్ళాలో, ఎలా తిరిగి రావాలో చూపించదు. ప్రాణాయామం సంగతి సరేసరి. ముక్కు మీద వేళ్ళు కనబడతాయి గాని లోపలి శ్వాస కనబడదు. కనుక ప్రతి ఫోటో కింద రెండు వాక్యాలు రాశాం. ఎన్ని శ్వాసలు ఉండాలన్నది ఒకటి, ఎవరు చేయకూడదన్నది రెండు. హలాసనం కింద "మెడ నొప్పి, రక్తపుపోటు ఉన్నవారు చేయరాదు. మాస్టారు దగ్గర లేకుండా మొదలుపెట్టరాదు" అని ఉంటుంది. ఆ అక్షరాలు నేనే రాశాను.

ఆ ఆసనం ఫోటో అన్నిటికంటే చివర తీశాం. తమ్ముడి మెడ నెమ్మదించి, మాస్టారు సరేనన్నాక, నాలుగు వారాలకు. పెద్దమ్మ కూడా వచ్చి గుమ్మం పక్కన కూర్చుంది. ముందురోజు సాయంత్రమే బస్తాతో అన్నీ సరిచూసుకున్నాను. పక్కనుంచి, పీట ఎత్తున, ఒకే ఒక్క నొక్కు. నాన్నగారికి చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని, "ఆఁ, ఇప్పుడు ఆనింది" అన్నారు.

ఆ చార్టు వ్యాయామశాలలో ఉంది. తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాం. యోగం చేసే మిత్రులెవరైనా తమ ఆసనం ఎలా ఉందో చూసుకోవాలనుకుంటే ఒక ఆదివారం పొద్దున్నే పరగడుపున మా ఊరు రండి. మళ్ళీ జనవరిలో మిరప బస్తాలు వచ్చేదాకా ఆ గది ఖాళీగానే ఉంటుంది.